ఇరవై మూడో డబ్బాకి ఎర్ర చీటీ

మా పెళ్ళయి ఇవాళ్టికి యాభై ఎనిమిది రోజులు. ఇక లెక్కపెట్టడం మానెయ్యమని మా అత్తయ్య అంటుంది గానీ, ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు కనబడిన ప్రతి ఉదయం నాకు కొత్తగానే ఉంటుంది. ఆయనది నీలం, నాది పసుపు. మామూలుగా రెండూ వీపులు ఆనించుకుని నిలబడతాయి. ఒకరోజు మాత్రం ఎదురుబొదురుగా ఉన్నాయి. ఆ రోజంతా నాకు ఎవరి మీదా కోపం రాలేదు.

మా ఆయన పనేమిటో ఒక్క మాటలో చెప్పడం కష్టం. సంబంధం కుదిరినప్పుడు అబ్బాయి ఏం చేస్తాడని మా పిన్ని అడిగితే, "ద్రవ ఎరువుల తయారీ" అన్నాడు మా నాన్న. ఆ ద్రవం ఎక్కణ్ణించి వస్తుందని పిన్ని అడగలేదు, నాన్న చెప్పలేదు. ఇద్దరూ సుఖంగా ఉన్నారు.

అసలు సంగతి ఇది. మాది నలభై ఇళ్ళ కాలనీ. ప్రతి ఇంట్లోనూ మరుగుదొడ్డి గిన్నెకి ముందొక అర, వెనకొక అర ఉంటాయి. వెనక అర కథ వేరు. ముందు అరలో పడింది సన్నటి గొట్టం గుండా పెరట్లో ఉన్న ఇరవై లీటర్ల నీలం డబ్బాలోకి చేరుతుంది. గురువారం పొద్దున్నే ఎవరి డబ్బా వాళ్ళు గేటు దగ్గర పెడితే వ్యాను వచ్చి పట్టుకెళ్తుంది. కాలనీలో ఎవరూ దాన్ని మూత్రం అనరు, నీళ్ళంటారు. "ఈ వారం మీ నీళ్ళు తగ్గాయేంటి, ఊరెళ్ళారా?" అని వ్యాను నడిపే ఆయన అడిగితే ఎవరూ సిగ్గుపడరు. మలుపు మలుపుకీ హారన్ కొడతాడని ఆయన్ని అందరూ హారన్ బాబాయ్ అంటారు.

మా ఆయన యూనిట్లో ఈ నీళ్ళని పెద్ద ట్యాంకుల్లో పోసి, మూతలు బిగించి నెలల తరబడి ఉంచుతారు. క్రిములు చస్తాయి, మొక్కకి కావలసిన సత్తువ మిగులుతుంది. చిక్కల్లా ఒక్కటే. మనుషులు మందులు మింగుతారు. మింగిన మందుల్లో కొన్ని ఒంట్లో తమ పని చూసుకుని, దాదాపు ఉన్నవి ఉన్నట్టే బయటికి వచ్చేస్తాయి. క్రిములు చచ్చినట్టు అవి చావవు. నీళ్ళతో పాటు మడిలోకి, మడిలోంచి ఆకులోకి, ఆకులోంచి ఎవరి పళ్ళెంలోకైనా వెళ్ళి కూర్చోగలవు.

అందుకే చీటీలు పెట్టారు. ఆ వారం ఇంట్లో ఎవరూ ఏ మందూ వాడకపోతే డబ్బా పిడికి తెల్ల చీటీ కట్టాలి. ఒక్కరు ఒక్క జ్వరం మాత్ర వేసుకున్నా ఎర్ర చీటీయే. తెల్లచీటీ నీళ్ళు ఆకుకూరల తోటకి వెళ్తాయి. ఎర్రచీటీ నీళ్ళని బొగ్గు పొరల్లో వడగట్టి కలప మొక్కల నర్సరీకి పంపిస్తారు. కలపని ఎవరూ నమలరు కదా.

నెలకోసారి కాలనీ మీటింగులో మా ఆయన నిలబడి చెప్పే మాట ఒకటుంది. నలభై ఇళ్ళ నీళ్ళలో నా ఒక్క మాత్ర ఎంత అనుకోకండి, నలభై మందీ అలాగే అనుకుంటే అది ఎరువు కాదు, మందుల షాపు అని. పెళ్ళికి ముందు ఒకసారి, ఆయన్ని చూడ్డానికని వచ్చి, వెనక వరసలో కూర్చుని ఆ మాట విన్నాను. చెబుతున్నప్పుడు ఆయన చెవులు రెండూ ఎర్రబడ్డాయి. ఇంత తొందరగా రంగు మారే చెవులున్న మనిషి జీవితంలో అబద్ధం ఆడలేడనిపించింది. నేను పెళ్ళికి ఒప్పుకోవడానికి సగం కారణం ఆ చెవులే.

మిగతా సగం పిల్లి. నాకొక పిల్లి ఉంది. తెల్లటి ఒళ్ళు, వీపు మీద ఎవరో నారింజ రసం ఒలకబోసినట్టు ఒక మచ్చ. అది లేకుండా నేను రానని ముందే చెప్పేశాను. "పిల్లి లేని ఇల్లు కూడా ఒక ఇల్లేనా" అన్నాడాయన. అప్పుడూ చెవులు ఎర్రబడ్డాయి. అది నా మీద ప్రేమ అనుకున్నాను.

పెళ్ళయిన పదిహేను రోజులకి మా నాన్న దాన్ని బుట్టలో పెట్టి తెచ్చి దింపి వెళ్ళాడు. బుట్ట మూత తియ్యగానే అది నేరుగా వెళ్ళి అత్తయ్య కుట్టుమిషను పెడలు మీద పడుకుంది. అత్తయ్య దాన్ని కాసేపు చూసి, "మా కోడలు తెచ్చిన అరణం ఇదన్నమాట" అంది. అప్పట్నించి దాని పేరు అరణం.

ఇక్కడ నా మనసులో మాట ఒకటి చెప్పుకోవాలి. మొదటి రెండు వారాలూ మా ఆయన ప్రేమ మామూలుగానే ఉంది. మూడో వారం నుంచే అది పొంగడం మొదలైంది. సాయంత్రం పూట అరణాన్ని ఒళ్ళో పెట్టుకుని నేను సోఫాలో కూర్చుంటే, ఆయన గుమ్మంలోనే నిలబడి నన్ను చూసేవాడు. కళ్ళలో నీళ్ళు తిరిగేవి. గొంతు బొంగురుపోయేది. "ఏమైంది" అంటే "ఏం లేదు" అని చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుని అవతలికి వెళ్ళిపోయేవాడు. నన్ను చూస్తేనే కళ్ళు చెమర్చే మొగుడు ఎంతమందికి దొరుకుతాడు? మా అక్కకి ఫోన్ చేసి మరీ చెప్పాను. తన మొగుడికి ఉల్లిపాయలు తరిగినప్పుడు తప్ప కళ్ళు తడవవని చెప్పి అక్క ఫోన్ పెట్టేసింది.

పెళ్ళయిన వారానికే నేను యూనిట్లో పరీక్షల పనిలో చేరాను. చదివింది కెమిస్ట్రీ, అంతకుముందున్న అమ్మాయి మానేసింది, ఇంకొకరిని వెతకడం దేనికని. యూనిట్లో ఆయన "సార్", "మీరు". ఇంటి గడప దాటి లోపలికి రాగానే "నువ్వు". రోజూ సాయంత్రం చెప్పులు విప్పుతూ ఆ మొదటి "నువ్వు" అనడం నాకు భలే ఇష్టం.

నా చేతికింద ఒక పాత యంత్రం ఉంది. సీసాలోంచి చుక్క నీళ్ళు పీల్చుకుని నలభై నిమిషాలు గుర్రుగుర్రుమని, కాగితం మీద ఒక గీత గీస్తుంది. నీళ్ళలో మందు లేకపోతే గీత చాప పరిచినట్టుంటుంది. ఉంటే ఒకచోట గుట్టలా లేస్తుంది. ఏ మందు గుట్ట ఏ నిమిషంలో లేస్తుందో దానికది ఒక అలవాటు. కాగితం మీద అడ్డంగా ఒక ఎర్రగీత అచ్చువేసి ఉంటుంది. గుట్ట ఆ గీత దాటితే ఆ వారం నీళ్ళు తోటకి పనికిరావు.

నేను చేరాక మొదటి గురువారం నీళ్ళు చాప. రెండోది చాప. మూడో గురువారం పదకొండో నిమిషంలో గుట్ట లేచింది. ఎర్రగీత దాటి మరీ నిలబడింది. నాలుగో గురువారం ఇంకాస్త ఎత్తుగా లేచింది.

తోట మనిషి ఊరుకునేది కాదు. ఆవిణ్ణి అందరూ పెద్దమ్మ అంటారు. మూడెకరాల్లో ఆకుకూరలు వేస్తుంది, మొత్తం బడి పిల్లల భోజనశాలకే పంపిస్తుంది. మా తెల్ల నీళ్ళు తీసుకునే తోట అదొక్కటే. వరసగా మూడు వారాలు నీళ్ళు తప్పితే ఒప్పందం రద్దని కాగితంలో ముందే రాయించుకుంది. అది పోతే తెల్ల ట్యాంకుతో పనే లేదు. తెల్ల ట్యాంకు లేకపోతే, ఆరేళ్ళుగా మా ఆయన ఇల్లిల్లూ తిరిగి బతిమాలి పెట్టించుకున్న ఈ యూనిట్టే లేదు. రెండోసారి గుట్ట లేచిన కాగితం చూశాక పెద్దమ్మ ఒక్కటే చెప్పింది. "నా ఆకు తిన్న పిల్లలకి ఇంకొకళ్ళ మందు ఎందుకమ్మా? శనివారం వస్తాను. శుభ్రమైన నీళ్ళు చూపించడం కాదు, ఎవరి ఇంటిదో చెప్పండి. కారణం తెలియని శుభ్రం నాకొద్దు."

ముందు ఆ గుట్ట ఏ మందుదో తెలియాలి. మెడికల్ షాపతన్ని అడిగి, జనం ఎక్కువగా కొనే మాత్రలు ఇరవై రకాలు తెచ్చుకున్నాను. ఒక్కొక్కటీ నీళ్ళలో కరిగించి యంత్రానికి తాగించాను. పద్నాలుగో మాత్ర సరిగ్గా పదకొండో నిమిషంలో లేచింది. తుమ్ములకీ ముక్కు కారడానికీ వేసుకునే అలర్జీ మాత్ర. ఎగిరి గంతేసినంత పని చేసి ఆ కాగితం పట్టుకెళ్ళి సార్‌కి చూపించాను. సార్‌కి పొలమారింది. మంచినీళ్ళు ఇచ్చి వీపు నిమిరాను. యూనిట్లో అలా చెయ్యకూడదని మా ఇద్దరి మధ్యా ఒక ఒప్పందముంది గానీ, పొలమారినప్పుడు పరవాలేదు.

అయిదో గురువారం ఏ డబ్బానీ తొట్టిలో పొయ్యనివ్వలేదు. ఎర్ర చీటీలవి ఆరు పోగా ముప్పై నాలుగు డబ్బాలు వరసగా పెట్టించాను. ఒక్కొక్కటీ చూడాలంటే రోజులు పడుతుంది. అయిదేసి డబ్బాల్లోంచి తలా కాస్త తీసి ఒక సీసాలో కలిపితే ఏడు సీసాలే. ఏ సీసాలో గుట్ట లేస్తే ఆ అయిదింటినీ విడివిడిగా చూడొచ్చు. ఈ ఉపాయం తట్టినందుకు నాకు నేనే ఒక చాక్లెట్ ఇచ్చుకున్నాను.

సీసాల మీద నంబర్లు అంటిస్తుంటే సార్ వచ్చి పక్కన నిలబడ్డాడు. "మన డబ్బా ఎందుకులే. మన సంగతి మనకి తెలుసు కదా, నీకు టైమన్నా కలిసొస్తుంది" అన్నాడు. బాస్ ఇంటికి ఒక రూలూ ఊరికి ఒక రూలూనా సార్ అని నవ్వి, ఇరవై మూడు అని రాసి అంటించాను. ఆయన చెవులు ఎర్రగా ఉన్నాయి. ఎండనపడి వచ్చాడు కదా అనుకున్నాను.

గురువారం సాయంత్రానికి తేలింది, ఐదో సీసా. శుక్రవారం పొద్దున అందులోని అయిదు డబ్బాలూ మొదలుపెట్టాను. మొదటిదే ఇరవై మూడు. పదకొండో నిమిషంలో గుట్ట కాదు, కొండ లేచింది. పేజీ చాలక పై అంచు దాకా వెళ్ళి ఆగింది. మిగతా నాలుగూ చాప.

ఇంటి దొంగని ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు. మా పాత యంత్రం పట్టేసింది.

మా ఇంట్లో ఉండేది ముగ్గురం. అరణం లెక్కలోకి రాదు, దాని ఇసుక పెట్టె దానికుంది. నేను ఏ మాత్రా వేసుకోలేదు. ఆయన సంగతి సరేసరి, ఆ చీటీలు కనిపెట్టిందే ఆయన. మిగిలింది అత్తయ్య. అరవై రెండేళ్ళుగా ఒంట్లోకి మాత్ర పోలేదని వీధిలో అందరికీ చెప్పుకునే అత్తయ్య. పాపం, పైకి చెప్పుకోలేక ఏదో చాటుగా మింగుతోందని నా గుండె కరిగిపోయింది. నొప్పించకుండా ఎలా అడగాలో దారి పొడుగునా అభ్యాసం చేసుకుంటూ మధ్యాహ్నం ఇంటికి వెళ్ళాను.

అత్తయ్య ఎవరిదో చొక్కాకి కాలరు తిప్పి కుడుతోంది. అరణం ఎప్పటిలా పెడలు పక్కన ఉంది. ఈ మధ్య తుమ్ములేమైనా వస్తున్నాయా అత్తయ్యా అని మొదలుపెట్టాను. లేదంది. వచ్చినా తప్పేం లేదన్నాను. రాలేదంది. ఈ రోజుల్లో మందులు వేసుకోవడం చిన్నతనమేమీ కాదని, చదువుకున్నవాళ్ళు కూడా వేసుకుంటారని చెప్పుకుపోయాను. అత్తయ్య మిషను ఆపి, సూదిలోంచి దారం తెంపి, లేచి వెళ్ళి తన బీరువా రెండు తలుపులూ బార్లా తెరిచింది. చీరలు, గుండీల డబ్బా, కొలతల టేపులు మూడు. చివర్లో ఒక సీసా తీసి నా చేతికిచ్చింది. మిషనుకి వేసే నూనె.

"వెతుక్కో అమ్మాయ్. ఇంట్లో ఉన్న మందు అదొక్కటే. అదీ మిషనుకి" అంది.

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాగితం తీసి జరిగింది చెప్పేశాను. అలర్జీ మాత్ర అనగానే అత్తయ్య నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి మెడలోని కొలతల టేపుతోనే కళ్ళు తుడుచుకుంది.

"పెరటి తలుపు వెనక వాడి రెయిన్‌కోటు ఉంటుంది. వానలే లేవు గదా, రోజూ పొద్దున్నే దాని జేబులో వాడికేం పనో నువ్వెప్పుడూ చూడలేదా?"

రెయిన్‌కోటు జేబులో చెయ్యి పెట్టాను. మాత్రల అట్ట చేతికి తగిలింది. పదింటిలో ఏడు ఖాళీ. దాని కింద ఇంకో అట్ట, మొత్తం ఖాళీ.

చిన్నప్పుడు పక్కింటి పిల్లి గోడ దిగితే చాలు, వీడి ముక్కు కొళాయి తిప్పినట్టే అంది అత్తయ్య. మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను, కాస్త కోపంగానే. "కొత్త కోడలు పిల్లితో వస్తానంది. కొడుకు సరేనన్నాడు. మధ్యలో నేనెందుకమ్మా చెడ్డదాన్ని కావాలి? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు, ఇక్కడ పిల్లికి భయపడి నా కొడుకే కళ్ళు మూసుకుని మాత్రలు మింగుతున్నాడు. అవి డబ్బాలోకి వెళ్తాయని నాకేం తెలుసు?"

అప్పుడు వెలిగింది నాకు. గుమ్మంలో నిలబడి నన్ను చూసి కంటతడి పెట్టడం. గొంతు బొంగురుపోవడం. మాత్ర మత్తుకి తొమ్మిదింటికల్లా హాయిగా నిద్రపోవడం, దాన్ని నేను సంసార సుఖం అనుకోవడం.

"అత్తయ్యా, అయితే ఆ కళ్ళ నీళ్ళు..."

"అలర్జీయే తల్లీ."

మా అక్కకి మళ్ళీ ఫోన్ చేసి చెప్పాలా వద్దా అని ఇప్పటికీ తేల్చుకోలేదు.

యూనిట్‌కి నడుస్తూ వెళ్తుంటే కోపం, నవ్వు, ఇంకేదో ఒకదాని మీద ఒకటి వచ్చాయి. ఇంకేదో అన్నది ఏమిటంటే, ఈ మనిషి నా పిల్లి కోసం రోజూ రెయిన్‌కోటు దగ్గర దొంగలా నిలబడ్డాడు కదా అని. ఆ మనిషే నలభై ఇళ్ళకీ నీతులు చెప్పి, గురువారం గురువారం తన డబ్బాకి తన చేత్తో తెల్ల చీటీ కట్టాడు కదా అని కూడా.

ఆయన టేబుల్ ముందు నిలబడి కాగితం పెట్టాను. "సార్, ఇరవై మూడో నంబరు ఇంటివాళ్ళని ఆఫీసుకి పిలిపించాలి" అన్నాను.

ఆయన కాగితం చూశాడు. చెవులు మొదలుపెట్టాయి. "వాళ్ళు... మంచివాళ్ళే" అన్నాడు.

"మంచివాళ్ళేనండీ. రెయిన్‌కోటు కూడా మంచిదే."

ఆయన కాగితం తిరగేసి పెట్టాడు. తరవాత నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. రోజుకొకటి, అరణం మంచమెక్కిన రోజు రెండు. మొదటివారం గుట్ట లేచినప్పుడు అది తన మాత్రది కాదనుకున్నాడట. నలభై ఇళ్ళ నీళ్ళలో ఒక్క మాత్ర ఎంతని అనుకున్నాడట. ఆ మాట పైకి అన్నాక ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ మాట కూడదని రాసిన మీటింగు పోస్టరు ఆయన వెనక గోడ మీదే ఉంది.

తరవాత ఆయన అన్నది విన్నప్పుడు మాత్రం నాకు భయమేసింది. "మన డబ్బా ఒక్కటి పక్కన పెట్టేస్తే ఈ వారం నీళ్ళు శుభ్రం. తొట్టిలో పొయ్యని డబ్బా గురించి ఎవరు అడుగుతారు? ఆ మందు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయిన వాళ్ళదని పెద్దమ్మకి చెప్దాం. రేపట్నించి నేను మాత్ర మానేస్తాను. ఈ యూనిట్టు పోతే హారన్ బాబాయ్ ఎక్కడికి వెళ్తాడు, నువ్వు నేను ఎక్కడికి వెళ్తాం?"

ఒక్క నిమిషం నేనూ ఊగాను. అబద్ధం చెప్పను, బాగానే ఊగాను. ముప్పై ఏడు రోజుల కాపురం, ఆరేళ్ళ ట్యాంకులు, గ్లాసులో రెండు బ్రష్షులు, అన్నీ ఆ ఒక్క కాగితానికి వేలాడుతున్నాయి. కానీ ఆ కాగితం కింద సంతకం చెయ్యాల్సింది నేను.

"మీ చీటీలు నమ్మే ఆవిడ పిల్లలకి అన్నం పంపిస్తోంది సార్" అన్నాను. తరవాత, యూనిట్లోనే, రూలు తప్పి, "నువ్వే చెప్పు. నువ్వు చెబితేనే బాగుంటుంది. నేను పక్కనే నిలబడతాను" అన్నాను.

శనివారం పెద్దమ్మ వచ్చింది. చెప్పులకి తడి మట్టి, చేతిలో టిఫిను క్యారియరు. కుర్చీ ఇస్తే కూర్చోలేదు. మా ఆయన కాగితాలన్నీ ఆవిడ ముందు పరిచి, కొండ లేచిన కాగితం పైన పెట్టి, ఇరవై మూడో నంబరు మా ఇల్లేనని చెప్పాడు. ఎందుకో, ఎప్పట్నించో, చీటీ ఎవరు కట్టారో, ఏదీ దాచకుండా చెప్పాడు. గొంతు బొంగురుపోయింది గానీ ఆగలేదు.

పెద్దమ్మ కాగితం వైపు చూడలేదు. ఆయన్నే చూసింది. "ఊరందరికీ చీటీలు కట్టావు నాయనా. నీకు కట్టుకోలేకపోయావు" అంది.

ఆయన తల వంచుకున్నాడు.

"దేనికి? పిల్లికా?"

"పిల్లి ఈవిడది పెద్దమ్మా. అంటే... మాది."

ఆవిడ నా వైపు తిరిగింది. నేను చెయ్యగలిగిందల్లా నిలబడతానన్న చోట నిలబడటమే. ఆవిడ మొహంలో కోపం ఎటు పోదామా అని కాసేపు తచ్చాడింది. చివరికి టిఫిను క్యారియరు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, ఒప్పందం కాగితం ఇప్పుడే చింపనని, వచ్చే గురువారం మీ గేటు దగ్గర డబ్బాకి ఎర్ర చీటీ నా కళ్ళతో చూస్తానని, ఆ తరవాత వరసగా రెండు వారాలు నీళ్ళు చాపలా ఉండాలని చెప్పి వెళ్ళిపోయింది. చాప అనే మాట నాదే. నా నోటి నుంచి ఆవిడ నోట్లోకి ఎప్పుడు వెళ్ళిందో తెలియదు గానీ, ఆ కంగారులో కూడా నాకు సంతోషమేసింది.

గురువారం పొద్దున్నే హారన్ బాబాయ్ పక్కన కూర్చుని పెద్దమ్మ వ్యానులో వచ్చింది. ఇళ్ళన్నిటి ముందూ నీలం డబ్బాలు. మా ఆయన మా డబ్బా గేటు దగ్గర పెట్టి, ఎర్ర చీటీ కడుతున్నాడు. దారం ముడి పడటంలేదు. అత్తయ్య విసుక్కుని చేతిలోంచి లాక్కుని, కుట్టుపని చేసే వేళ్ళతో చటుక్కున ముడేసింది. హారన్ బాబాయ్ అలవాటుగా హారన్ కొట్టబోయి, చీటీ రంగు చూసి చెయ్యి అలాగే గాల్లో ఉంచేశాడు. గేట్ల దగ్గరున్న వాళ్ళందరూ ఇటే చూస్తున్నారు. ఎవరికి ఒంట్లో బాలేదని ఎదురింటావిడ అడిగింది. నాకేనండీ, పిల్లి పడదు, మాత్రలు వేసుకుంటున్నాను, ఇన్నాళ్ళూ దాచానని మా ఆయన వీధికంతటికీ వినబడేలా చెప్పాడు.

నవ్వుతారనుకున్నాను. ఏడో నంబరు రిటైర్డ్ హెడ్‌మాస్టారు, రోజూ అయిదు కిలోమీటర్లు నడుస్తానని, డాక్టరు మొహం ఎరగనని చెప్పే ఆయన, మెల్లిగా గేటు తెరుచుకుని వచ్చాడు. మా ఆయన చెవి దగ్గరికి వంగి, ఎర్ర చీటీ ఇంకొకటి ఉందా బాబూ అని అడిగాడట. నిద్రమాత్ర, సగమేనట. ఆయన వెనకే ఇంకో ఇద్దరు. నా కాగితాల్లో ఎర్రగీత కింద ఎప్పుడూ కనబడే రెండు మూడు చిన్న చిన్న మిట్టలు నాకు గుర్తొచ్చాయి. గీత దాటలేదు కదా అని వాటిని నేను పట్టించుకోలేదు. అంటే దాచింది ఆయనొక్కడే కాదు, చూసీ చూడనట్టు ఊరుకున్నది నేనూ.

ఇదంతా చూస్తూ అత్తయ్య అంది, "ఎర్ర చీటీ వీధికంతటికీ కనబడేలా గేటు దగ్గర కట్టమంటే ఎవరు నిజం చెబుతార్రా? నువ్వే చెప్పలేదు. చొక్కా వదులైతే కుట్టు లోపలికి మడుస్తాం గానీ బయటికా?"

మా ఆయన ఆరేళ్ళుగా ఆలోచించని సంగతి అది. ఆ తరవాతి గురువారానికి చీటీలు డబ్బా మూత లోపలికి మారాయి. మూత తీసేది యూనిట్లో నేనూ హారన్ బాబాయే కాబట్టి ఇంకెవరికీ తెలియదు. పదమూడు ఎర్ర చీటీలు వచ్చాయి. తెల్ల నీళ్ళు తగ్గుతాయని, ఒక మడికి సరిపోవని పెద్దమ్మకి చెప్పాం. సరిపోని మడికి బస్తా ఎరువు వేసుకుంటాను, అబద్ధం కలిసిన నీళ్ళ కంటే నయమంది. మెచ్చుకుందో దెప్పిందో ఆవిడ గొంతుని బట్టి చెప్పలేం.

ఇంట్లో కూడా ఏర్పాట్లు మారాయి. అరణం పడక ఇప్పుడు అత్తయ్య గదిలో, కుట్టుమిషను మూత మీద. దాన్ని ఎత్తుకున్నాక నేను చేతులు కడుక్కుని, చీర మార్చుకుని గానీ మా గదిలోకి వెళ్ళను. అయినా ఆయనకి వారానికి రెండు మూడు మాత్రలు తప్పవు. కాబట్టి ఇరవై మూడో డబ్బాలో ఎర్ర చీటీయే ఉంటుంది, ఇకముందూ ఉంటుంది. మా ఇంటి నీళ్ళతో ఎక్కడో ఒక చెట్టు బల్ల కావడానికి పెరుగుతోందని తలుచుకుంటే నాకు చాలా బాగుంటుంది. రెయిన్‌కోటు జేబు ఖాళీ. మాత్రల అట్ట బ్రష్షుల గ్లాసు పక్కన, అందరికీ కనబడేలా ఉంది.

ఇవాళ పొద్దున రెండో వారం కాగితం యంత్రంలోంచి వచ్చింది. పదకొండో నిమిషం దగ్గర ఊపిరి బిగబట్టి చూశాను. చాప. పోయిన వారమూ చాపే. చిన్న మిట్టలు కూడా లేవు. కింద సంతకం చేసి, పరిగెత్తుకెళ్ళి సార్ టేబుల్ మీద పెట్టాను. పెద్దమ్మకి ఫోన్ చేశాడు. అవతల నుంచి సరే అన్న ఒక్క మాట వినబడింది. ఆయన ఫోన్ పెట్టేసి కాగితం చేతిలోకి తీసుకుని, ఆ తిన్నటి గీతని చివరిదాకా వేలితో తడిమాడు. తరవాత తలెత్తి నన్ను చూశాడు.

కళ్ళనిండా నీళ్ళు.

ఇంకోసారి మోసపోదలచుకోలేదు నేను. టేబుల్ కింద చూశాను, తలుపు వెనక చూశాను. ఆయన చొక్కా భుజాలు, కాలరు, జేబు, నా చీర కుచ్చిళ్ళు, అన్నీ వెలుతురులో పట్టి చూశాను.

ఒక్క వెంట్రుక కూడా లేదు.